మావయ్య ఎర్ర రేకు

మొన్న సెక్టర్ 4 మార్కెట్లో గోధుమలు పట్టిస్తుంటే పిండిమర బెల్టు జారి రబ్బరు కాలిన వాసన గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను. పక్కనున్నావిడ నన్ను వింతగా చూసింది. ఈ అలవాటు నాకు అంటించిన మనిషి అప్పలస్వామి మావయ్య. మాకు చుట్టమేమీ కాదు, పక్క క్వార్టర్‌లో ఉండేవాడు. విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, ఇక్కడి స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు.

రిటైరయ్యాక ఆయన ఒక పాత మినీబస్సు కొని, సీట్లు పీకి, దాన్ని ఇల్లుగా మార్చాడు. రెండు బెర్తులు, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మోకాళ్ళు వంగని సరస్వతత్త కోసం ఎత్తయిన కమోడు. అందం సంగతి అడక్కండి. తలుపు వేస్తే కిటికీ తెరుచుకునేది. బండి సాఫీగా నడిచినంతసేపూ మావయ్య ఏదో పోగొట్టుకున్నవాడిలా కూర్చునేవాడు. ఆగిపోతే మాత్రం ముఖం వెలిగిపోయేది. “ఈ బండికి రోగమొస్తే ఈయనకి పండగే” అనేది అత్త.

ఆయన దగ్గర ఒక ఎర్ర రేకుముక్క ఉండేది. స్వయంగా కత్తిరించి, ‘పని జరుగుతోంది’ అని హిందీలో రాసి, కింద తన పేరు వేసుకున్నాడు. ప్లాంటు పద్ధతి అది. మరమ్మతుకు దిగేవాడు స్విచ్ దగ్గర తన ట్యాగ్ కట్టి వెళ్తాడు. ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి, ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టుకోకూడదు. మావయ్య ఇంట్లో ఫ్యాను తుడిచినా స్విచ్‌కి ఆ రేకు వేలాడాల్సిందే. ఒకసారి అత్తకి కోపమొచ్చి దాన్ని గ్యాస్ స్టవ్‌కి తగిలించి టీవీ ముందు కూర్చుంది. ఆ సాయంత్రం మావయ్య మా ఇంటికొచ్చి టీ తాగాడే గాని, రేకు మీద చెయ్యి వేయలేదు.

ఒక ఏడాది వాళ్ళు ఆ బండిలోనే విజయనగరం వైపు సొంతూరికి బయల్దేరారు. మావయ్యకు కంటి ఆపరేషనై కొద్ది నెలలే అయింది కనుక బండి నేను నడిపాను. అప్పటికి డిప్లొమా ముగించి ఖాళీగా ఉన్నాను. ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. కేశ్‌కాల్ ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి ఫ్యాన్ బెల్టు తెగి రబ్బరు కాలిన వాసన వచ్చింది, రేడియేటర్ నుంచి ఆవిరి లేచింది. మావయ్య హుషారుగా దిగి, ఇంజను చల్లారేదాకా ఆగి, స్టీరింగ్‌కి రేకు తగిలించి కొత్త బెల్టుతో బండి కిందికి దూరాడు. వెనక ఆగిన లారీ డ్రైవరు కూడా సాయానికి దూరాడు. మధ్యాహ్నపు ఎండ మాడ్చేస్తోంది, వెనక హారన్లు మోగిపోతున్నాయి. కాసేపటికి లారీ డ్రైవరు బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, “హో గయా దీదీ!” అన్నాడు.

నేను రేకు తీసి పక్కన పెట్టి తాళం తిప్పాను.

ఇంజను ఉలకలేదు. కాసేపటికి మావయ్య మెల్లగా బయటికొచ్చాడు.

“రేకు ఎవులు తీసేరు?”

“నేనే మావయ్యా. భయ్యా హో గయా అన్నాడు...”

“ఆడి పనయిపోనాదని ఆడన్నాడు. నా పనయిపోనాదని నాను సెప్పేనా?” నల్లటి కుడిచెయ్యి నా ముందు చాపాడు. “నువ్వు తాళం తిప్పినప్పుడు ఇది బెల్టు మీదుంది. బేటరీ వైరు పీకీసి దిగేను గాబట్టి మిగిలింది.”

అత్త ఏడవడం మొదలుపెట్టింది. మావయ్య తిట్టలేదు. రేకు మీద తన పేరు సుద్దతో కొట్టేసి, ‘సునీత’ అని నా పేరు రాసి చేతిలో పెట్టాడు. “ఒక బోల్టుంది. నువ్వెల్లి బిగించు. తాళం దగ్గిర నాను కూకుంతాను.”

స్టీరింగ్‌కి రేకు తగిలించి కిందికి దూరాను. బ్యాటరీ వైరు ఊడే ఉందని నాకు తెలుసు. అయినా పైన సీటు కిర్రుమన్నప్పుడల్లా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. పైనున్న మనిషికి నా ముఖం కనబడదు, నాకు ఆయన చెయ్యి కనబడదు. రెండు నిమిషాల పనికి పావుగంట పట్టింది. చివరికి “అయిపోయింది మావయ్యా!” అని అరిచాను. పైన ఎవరూ కదల్లేదు.

“అయిపోతే వొచ్చి నీ రేకు నువ్వు తీసుకో” అన్నాడు.

మావయ్య పోయి నాలుగేళ్ళయింది. ఆ బండి ఎవరు కొన్నారో తెలియదు. నేనిప్పుడు ఒక చిన్న ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాను. పోయిన నెల ఒక మెషిన్ మరమ్మతు ముగిసింది గాని, పనిచేసిన వెల్డరు తన ట్యాగ్ విప్పడం మర్చిపోయి క్యాంప్ 2 బస్తీలో తన ఇంటికి వెళ్ళిపోయాడు. ఫోను ఎత్తలేదు. లోపల ఎవరూ లేరు, నేనే చూశాను. మేనేజరు గడియారం చూపించి, “కాట్ దో మేడమ్” అన్నాడు, ట్యాగ్ కోసేయమని. నేను వెల్డరు కోసం జీపు పంపించాను. గంట సేపు లైను ఆగింది. నాకు మెమో ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా.

వెల్డరు జీపు దిగి ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. ట్యాగ్ విప్పి, తలదించుకుని, “సారీ దీదీ” అన్నాడు. నేను ముందు అతని చేతులు చూశాను. రెండూ ఉన్నాయి. అప్పుడు స్విచ్ వేయమన్నాను.