నా మీద నేను రాసిన దరఖాస్తు

మహబూబాబాద్ మార్కెట్ యార్డుకు కొత్త మిర్చి వచ్చే రోజుల్లో ఆ ఘాటు మా ఆఫీసు కిటికీల దాకా వస్తుంది. అందరూ తుమ్ముతారు. నాకు మాత్రం నేను పెట్టిన ఒక సంతకం గుర్తొస్తుంది. మిర్చి ఏరే కాలంలోనే నేను ఒక ముసలామెకు బియ్యం లేకుండా చేశాను. ఆ సంగతి నా చేతే రాయించిన మనిషి రత్నమాల మేడం. యూనివర్సిటీలో మాకు ప్రభుత్వ పాలన, సమాజ సేవ చెప్పారు.

ఆమెను తలచుకుంటే ముందు గుర్తొచ్చేది అవమానమే. ఎం.ఏ.లో చేరిన మొదటి నెలలో హాస్టల్ నీళ్ల మీద, మెస్ పప్పు మీద, లైబ్రరీ వేళల మీద మూడు పేజీల ఫిర్యాదు రాసి ఆమె చేతికిచ్చాను. మేడంది రఘునాథపల్లి. క్లాసులో కూడా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేవారు. నా కాగితాల నిండా ఎర్ర గీతలు కొట్టి అందరి ముందూ తిరిగిచ్చారు. "ఏంది సరితా, తప్పులన్నీ మందియేనా? మనిషివా, ఫిర్యాదుల డబ్బావా?" అన్నారు. ఆ రోజు నుంచి క్లాసంతా నన్ను డబ్బా అనే పిలిచింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. అందరికంటే ముందు నవ్వింది జనగామ స్వాతి.

రెండో ఏడాది ఫీల్డ్‌వర్క్‌లో ఇంటింటి జాబితా రాయడానికి ఆ స్వాతితోనే నన్ను భూపాలపల్లి అవతలి తండాకు పంపారు. దగ్గరి ఊళ్లు మిగతావాళ్లకిచ్చి చివరి తండా నాకే ఎందుకిచ్చారని పొద్దుటి నుంచి మండిపోతున్నాను. నేను పుట్టింది కురవి దగ్గరి తండాలో. ఆ సంగతి స్వాతికి చెప్పలేదు. ఒక ఇంటికి తాళం వేసి, వాకిట్లో ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది. మిర్చి ఏరడానికి పోయేవాళ్లు అలాగే పెట్టి పోతారు, పని కాగానే తిరిగొస్తారు. మా ఇంటి ముందూ ఎన్నోసార్లు అలా పెట్టాం. పక్కింటి ఆమె గడపలోంచి మా లంబాడీ భాషలో కేకేసింది, ఆ ఇంటి ముసలామె మా దగ్గరే ఉంది, వచ్చి పేరు రాసుకోమని. ప్రతి మాటా అర్థమైంది.

"ఏమంటున్నదే?" అంది స్వాతి.

"ఏమో, వాళ్ల భాష."

బస్సు వేళయిందని "ఊరు విడిచి వెళ్లారు" అని రాసి సంతకం పెట్టాను. మా జాబితాకు పంచాయతీలో నకలు తీసుకున్నారు. దేనికని నేను అడగలేదు.

సోమవారాల్లో కలెక్టరేట్లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో, చదువురానివాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టడం కూడా మా చదువులో భాగమే. రెండు నెలల తర్వాత ఒక ముసలామె మా బల్ల ముందుకొచ్చి మడతలుపడ్డ కాగితం పెట్టింది. "బిడ్డా, నా బియ్యం బందైనయ్. నేను ఊళ్లె లేనని రాసిండ్రట. నేను ఏడికి పోలె. గిది ఎవరు రాసిండ్రో జర చూడు."

అది నా జాబితా నకలు. నా అక్షరాలు, కింద నా సంతకం. ఎం.ఏ. పోతుంది, హాస్టల్ ఖాళీ చేయిస్తారు, కేసు పెడతారు, మా బాపు తండాలో తలెత్తుకోలేడు. "అక్షరాలు సరిగ్గ కనవడ్తలేవు అవ్వా" అన్నాను.

వెనక కుర్చీలోంచి మేడం చేయి చాచి ఆ కాగితం తీసుకున్నారు. రెండేళ్లుగా ఆ అక్షరాల మీదే ఎర్ర గీతలు కొడుతున్నారు. కాగితం చూసి, నన్ను చూసి, "ఇప్పుడు ఏం తింటున్నవ్ అవ్వా?" అని అడిగారు.

"పక్కింటోళ్లు పెడుతున్నరు. వాళ్లకు సుత పిల్లలున్నరు."

"మళ్ల సోమవారం రా. రాసినోళ్లను తీస్కొస్త."

తిరుగు బస్సు పరకాల దాటింది. అప్పుడు మేడం అన్నారు, "మంది మీద మస్తు రాసినవ్. గీసారి నీ మీద రాయి. పద్ధతిగ రాయి."

"డిగ్రీ పోతది మేడం."

"పోవచ్చు."

భయపడకు అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. అందుకు నేను ఇంకా ఆమెను క్షమించలేదు. ఆ వారమంతా రాస్తూనే ఉన్నాను. రాసుకెళ్లిన మొదటి కాగితంలో పంచాయతీ నిర్లక్ష్యం, తండా దూరం, బస్సు వేళలు ఉన్నాయి. అన్నీ కొట్టేశారు. మూడోసారికి నాలుగు వాక్యాలు మిగిలాయి. ముసలామె తమ ఇంట్లో ఉందని పక్కింటి ఆమె చెప్పింది. నాకు ఆ భాష వచ్చు. రానట్టు నటించాను. ఊళ్లో ఉన్న మనిషిని వెళ్లిపోయిందని రాశాను. "గిప్పుడు దరఖాస్తు అయింది" అన్నారు మేడం.

సోమవారం ప్రజావాణి వరుసలో నిలబడి ఆ కాగితం ఇచ్చాను. అధికారి రెండుసార్లు చదివాడు.

"ఎవరి మీదమ్మా ఇది?"

"నా మీదనే సార్."

బియ్యం వెంటనే తిరిగి ఇప్పించమని ఒక కాగితం, యూనివర్సిటీకి ఒక కాగితం పంపమన్నాడు. బయట అరుగు మీద కూర్చున్న ముసలామె దగ్గరికి పోయి "యాడీ" అన్నాను. మా భాషలో అమ్మ అని. జరిగిందంతా ఆ భాషలోనే చెప్పాను. "మన పిల్లవా? మరి ఆ రోజు మా పక్కింటిది పిలిస్తే పలకవైతివేంది?" అంది. తిట్టినా బాగుండేది.

మరుసటి నెల ఆమెకు బియ్యం వచ్చాయి. నా డిగ్రీ పోలేదు. కానీ ఫీల్డ్‌వర్క్ మార్కులు కోశారు, క్లాసులో మొదటి స్థానం స్వాతికి పోయింది. ఎవరు కోశారో తేల్చుకోకుండా ఊరుకునే రకాన్ని కాను. సమాచార హక్కు కింద నా ఫైలు అడిగాను. నకళ్లు వచ్చేసరికి మేడం రిటైరై సొంతూరు వెళ్లిపోయారు. మార్కులు కోసింది ఆమే. ఆ మార్కుల కాగితం కింద ఆమె పై అధికారులకు రాసిన ఉత్తరం ఉంది. "తాళం వేసిన ఇళ్ల గురించి పక్కవాళ్లను అడిగారో లేదో చూడకుండా నేను ఈ జాబితా మీద సంతకం పెట్టాను. నా మీద కూడా చర్య తీసుకోగలరు." తేదీ చూశాను. మేం ఆ బస్సు దిగిన మరునాడు. నాకు వారం పట్టింది.

ఫోన్ చేశాను. "మార్కులెందుకు కోసిండ్రని అడగనీకి చేసినవా?" అన్నారు.

"అవును మేడం."

"అయితే అడుగు."

ఉత్తరం మీది తేదీని మళ్లీ చదివాను. ఆమె ఫోన్ పెట్టేశారు.

ఇప్పుడు నా ఉద్యోగం అర్హుల జాబితాలు సరిచూడటం. ఒక పేరు తీసేయమని కాగితం వస్తే పెన్ను మూత తీయాలన్నా భయమే. ఆ మనిషి ఊరికి స్వయంగా పోయి వచ్చేదాకా సంతకం చేయను. పనులు ఆపుతోందని మొన్న నా మీద పైకి ఫిర్యాదు పోయింది. ఎవరు రాశారో తెలుసు, మరిచిపోను. అయినా ఆ మధ్యాహ్నం, పేరు తీసేయమని కాగితం వచ్చిన ఒక ముసలాయన కోసం కురవి బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే గుబులు. ఆయన ఇంట్లో ఉంటే ఏం చేయాలో తెలుసు. ఇంట్లో లేకపోతే, పక్కింటివాళ్లూ లేడంటే, నేను సంతకం పెట్టాలి.