అక్క అడిగిన కాగితం

మొన్న ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి ఒకామె మా వీధిలో పింఛన్లు పంచుతూ వచ్చింది. చేతిలో చిన్న మిషను, దాని మీద వేలు పెట్టమంది. పెట్టీ పెట్టకముందే కుయ్యిమని పచ్చలైటు వెలిగింది. "మీ వేలు ఎప్పుడూ ఒక్కసారికే పడుతుంది తాతా" అని మెచ్చుకుని డబ్బు చేతిలో పెట్టి పోయింది. అరవై ఎనిమిదేళ్లలో నా వేలిని మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే. నవ్వుకోవలసిన మాటే గానీ, ఆ పూట నాకు కాఫీ సహించలేదు. మా అక్క వేళ్లు గుర్తొచ్చాయి.

నేను నలభై ఏళ్లు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఎవరు పొలం కొన్నా, అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నా, చాలావరకు నా చేతిరాతే ఉంటుంది. తిథి, వారం, వర్జ్యం నేనే చూసి చెప్పేవాణ్ణి. వర్జ్యంలో సంతకం పెట్టించి ఎరుగను. ఆ పట్టింపు వల్లనే నా బల్ల దగ్గర జనం ఎక్కువని గర్వంగా కూడా ఉండేది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డదంటారే, ఆ బల్లిని నేనే.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక పల్లెలో ఇచ్చాం. పిల్లలు లేరు. బావ పోయేనాటికి ఎకరంన్నర వరి, మూడు గదుల ఇల్లు, ఒక గేదె మిగిలాయి. వాటితో పాటు ఆడబిడ్డ కూతురు ఒకతె. తల్లి పోతే పదేళ్ల పిల్లను తెచ్చి పెంచుకుంది అక్క. పెళ్లి చేస్తే ఆ కాపురం నిలవలేదు. ఆ అమ్మాయి తిరిగొచ్చి వసారాలో కుట్టుమిషను వేసుకుంది. నన్ను చిన్నాయనా అని పిలుస్తుంది. అక్కకు జబ్బు చేసిన తర్వాత అన్నం కలిపి పెట్టింది, వాంతులు ఎత్తింది, వీపు నిమిరింది ఆ అమ్మాయే. నేను పలకరించి వచ్చేవాణ్ణి.

ఉగాదికి ముందు మద్రాసు ఆసుపత్రిలో పెద్దపేగు క్యాన్సరని తేల్చారు. అక్క ఏడవలేదు. "ఎన్నాళ్లు పడుతుంది సామీ" అని డాక్టర్నే అడిగింది. మందుల కోర్సుకని ఆయన అనుకున్నాడు. ఆమె అడిగింది వేరేదని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచే ఇల్లు చక్కబెట్టడం మొదలుపెట్టింది. గొలుసు బ్యాంకులో కుదవపెట్టి మందులు తెచ్చుకుంది. మద్రాసు పోయేటప్పుడు బస్సు నెల్లూరు చేరేలోగా ఫోనులోనే ఎండాకాలం వేసే ఎడగారు పైరుకు ఎరువు, కాలవ నీళ్ల వంతు, గేదెకు చిట్టు అన్నీ తేల్చేసేది. వార్డులో సెలైను ఎక్కుతుంటే కూలీల మేస్త్రితో పోట్లాడి అందరినీ నిద్ర లేపింది. కోత రోజున రమ్మన్నారని తేదీ మార్పించింది. వైద్యం ముఖ్యమా, వరి ముఖ్యమా అని డాక్టరు విసుక్కుంటే, వరి పోతే నీ బిల్లు ఎవరు కడతారయ్యా అంది. ఆయనకు నవ్వు ఆగలేదు.

అన్నీ తనే చేసుకుంది. నా మీద పెట్టింది ఒకే ఒక్క పని. జ్యేష్ఠం చివర్లో నేను పోయినప్పుడు మంచం మీద దగ్గరగా కూర్చోబెట్టుకుని చెప్పింది: ఇల్లూ పొలమూ ఆ పిల్ల పేరున రాయమని. రాయకపోతే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అది బావ తరఫు ఆస్తి. కాగితం లేకుండా అక్క కన్నుమూస్తే తడలో ఉండే బావ తమ్ముడికి పోతుంది. ముప్పై ఐదేళ్ల మనిషి, మొగుడు లేని మనిషి, మళ్లీ వీధిలో నిలబడుతుంది.

నేను వేళ్లు లెక్కపెట్టి, వారంలో ఆషాఢం వస్తుంది, శ్రావణంలో దానపత్రం దివ్యంగా రిజిస్టరు చేయిద్దాం అన్నాను. వీలునామా అయితే తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చాలు. రిజిస్ట్రారు అక్కర్లేదు, మాసం అక్కర్లేదు. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు మా జిల్లాలో ఎంతమంది ఉంటారు? కానీ మా బల్లల దగ్గర ఒక నమ్మకం ఉంది. మంచాన పడ్డ మనిషికి అయినవాళ్లు వీలునామా రాయకూడదు, రాస్తే ఆయుష్షుకు గీత గీసినట్టే అని. పరాయివాళ్లకు ఎన్ని రాశానో లెక్కలేదు. అక్కకు రాయాలంటే మాత్రం చెయ్యి రాలేదు. నువ్వు లేచి తిరుగుతావు, ఇప్పుడే తొందరేమిటి అని కోప్పడ్డాను కూడా. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను. ఆ ధైర్యం నాకే కావలసి వచ్చిందని ఇప్పుడు తెలుస్తున్నది.

శ్రావణ శుక్రవారం, వర్జ్యం లేని ఘడియ చూసి ఆటోలో తీసుకుపోయాం. దానపత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో ఎప్పుడో రాసి ఉంచాను. మిషను మీద అక్క వేలు పెట్టింది. పడలేదు. పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. క్యాన్సరుకు వేసుకునే మాత్రల వల్ల అరచేతులు ఎర్రగా వాచి, తోలు ఊడి, వేలిగీతలు అరిగిపోయాయి. చేతులు మండుతున్నాయని ఆమె నెల రోజుల నుంచీ చెబుతూనే ఉంది. కొబ్బరినూనె రాసుకోమన్నానే గానీ గీతల సంగతి నాకు తట్టలేదు. పోనీ వేలికి బదులు ఫోనుకు ఓటీపీ నంబరు వస్తుందంటే, ఆధారులో ఉన్నది బావ ఫోను. అది ఆయనతోనే పోయింది. ఆధారు మార్పించుకుని రమ్మన్నాడు గుమస్తా. ఆషాఢానికి ముందు వచ్చి ఉంటే వేళ్లు పడేవేమో అని కూడా అన్నాడు, పాపం, మామూలుగానే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క చేతులు ఒళ్లో బోర్లా పెట్టుకుని కూర్చుంది. కొంతదూరం పోయాక అంది: "అబ్బయా, ఆ మిషన్లు మనకొద్దులేరా. నువ్వు కాగితం మీద రాసెయ్యి. నేను సంతకం పెడతా. నాకింక టయిం లేదు."

ఇంటికి పోయి రాయడానికి కూర్చున్నాను కూడా. 'దేహము అస్థిరమైనది గనుక' అని వీలునామాలో ఒక మాట వస్తుంది. వేలసార్లు రాసిన మాట. అక్కడ పెన్ను ఆగింది. వినాయక చవితి పోనీ అక్కా, మర్నాడే రాస్తాను అన్నాను. ఆమె నా మొహం చూసింది. ఆ పిల్లను పిలిచి నాకు మజ్జిగ ఇమ్మంది.

చవితి మర్నాడు అక్కకు తెలివి తప్పింది. మూడో రోజు పోయింది.

కర్మ రోజున బావ తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. చెడ్డవాడని చెప్పను. "అన్నా, వదిన కాగితం ఏదన్నా రాసుంటే చూపించన్నా, నేను అడ్డం రాను. నోటిమాటంటే నా కొడుకులు ఒప్పుకోరు" అన్నాడు. సంతకం లేని దానపత్రం నా సంచిలోనే ఉంది. తీసి చూపించడానికి సిగ్గేసింది. గేదెనూ కుట్టుమిషనునూ అమ్మాయికి వదిలి, మిగతావాటికి తాళం వేసుకున్నాడు.

అమ్మాయి గేదెను అమ్మేసి, తడ దగ్గర ఒక కంపెనీలో పనికి కుదిరింది. పోయే ముందు రోజు ఉద్యోగం ఫారం తీసుకుని నా దగ్గరకు వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఫారం నా ముందు పెట్టి, "సొంత అడ్రసు రాయమన్నారు చిన్నాయనా. ఏ ఇల్లని రాసేది?" అని అడిగింది.

మా ఇంటి అడ్రసు రాసిచ్చాను. రెండు నిమిషాలు పట్టింది. అక్క అడిగిన కాగితానికి మహా అయితే అరగంట పట్టేది. ఆమె నోరు తెరిచి అడిగిన రోజు నుంచి కన్నుమూసిన రోజు దాకా నాకు దగ్గర దగ్గర రెండున్నర నెలలు ఉన్నాయి. అందులో ఆమెకు ఒక్క అరగంట ఇవ్వలేకపోయాను.