మామయ్య చావని వారం

మా మామయ్య ఉద్యోగం చావడం. వారానికోసారి, శనివారం సాయంత్రం, టీవీలో.

ఆ రోజుల్లో ఎర్రగ్రహం సీరియల్ చూడని ఇల్లు లేదు. నౌక చెడిపోయి అయిదుగురు మనుషులు ఒక గ్రహం మీద చిక్కుకుపోతారు. అక్కడ రాయి కరుస్తుంది, చెట్టు తరుముతుంది, నీళ్లు తాగబోతే నీళ్లే మనిషిని తాగేస్తాయి. ప్రతివారం ఒక వింతజీవి వాళ్ల మీద పడుతుంది, కెప్టెన్ కాంతి తుపాకీతో కాల్చేస్తాడు. ఆ జీవులన్నీ మా మామయ్యే. ముఖం మాత్రం ఏనాడూ కనపడలేదు. మా వంశంలో ముఖం లేకుండా ఇంత ప్రఖ్యాతి ఇంకెవరికీ దక్కలేదు.

గ్రహం ఒక పాత గోదాములో ఉండేది. నేలంతా ఎర్రరంగు కలిపిన రంపపు పొట్టు. షూటింగ్ అవగానే గ్రహాన్ని చీపుళ్లతో ఊడ్చి గోతాల్లోకి ఎత్తేవారు. వేషానికి జిప్పు వీపు వైపు ఉండేది. ఎవరో ఒకరు దయతలిస్తే తప్ప ఆ భయంకర జీవి బాత్రూముకైనా వెళ్లలేదు. పొట్టు ముక్కులోకి పోయి మామయ్య తుమ్మితే దాన్నే గర్జన కింద వాడుకున్నారు. పిల్లలు జడుసుకున్నారు కూడా.

లోకానికి వినోదం, మా అమ్మమ్మకి మాత్రం గండం. ఒంటికన్నున్నా, ఎనిమిది కాళ్లున్నా కొడుకును ఇట్టే పట్టేసేది. చిన్నప్పుడు మంచం మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడట. అప్పటినుంచి ఎప్పుడు పడినా ముందు ఎడమ చెయ్యి ఆనించి మెల్లగా పక్కకు ఒరుగుతాడు. అలా ఒరగగానే "అదిగో, నా కొడుకే" అని కొంగు నోట్లో కుక్కుకునేది. చచ్చినవాడు పక్కనే కూర్చుని టీ తాగుతున్నా ఆ ఏడుపు ఆగేది కాదు. రెండు రోజులు తిండి సహించేది కాదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా అమ్మ విసుక్కునేది.

చలికాలంలో అమ్మమ్మకి గుండెనొప్పి వచ్చింది. టీవీ చూడొద్దన్నాడు డాక్టరు. కొడుకు చచ్చేటప్పుడు తల్లి అయినా పక్కన ఉండొద్దా అని ఆయన్నే నిలదీసింది ఆవిడ. తర్వాత మామయ్యను దగ్గరికి పిలిచింది.

"ఒక్క వారం చావకుండా ఉండలేవూ నాన్నా? అది చూసి పోతాను."

మామయ్య వెళ్లి డైరెక్టరును అడిగాడు. నువ్వు చావకపోతే ఇక కెప్టెన్ ఎందుకయ్యా అన్నాడాయన. అదీ న్యాయమే.

ఆ వారం వేషం బురదజీవి. చివరి సీను తీసేసరికి పొద్దుపోయింది. గోదామును వెంటనే వేరే సీరియల్ వాళ్ల వంటింటి సెట్టుకు అప్పగించాలి. రెండోసారి తీసే వీలులేదని మామయ్యకు తెలుసు. కెప్టెన్ కాల్చాడు. మామయ్య పడలేదు. మళ్లీ కాల్చాడు. మామయ్య కాసేపు ఆలోచించి, తోక సర్దుకుని, వెనక్కి తిరిగి అట్టకొండ చాటుకు తీరిగ్గా నడిచి వెళ్లిపోయాడు. అది అలాగే ప్రసారం చెయ్యక తప్పలేదు. కొండ వెనక జిప్పు తీస్తూనే ఇక రావద్దని చెప్పేశాడు డైరెక్టరు. ఈ వయసులో నన్ను కొత్తగా ఎవరు చంపుతారే అని మామయ్య మా అమ్మ దగ్గర బెంగపడ్డాడు. అమ్మమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు.

శనివారం అందరం అమ్మమ్మ మంచం చుట్టూ చేరాం. ఆవిడ కొంగు సిద్ధం చేసుకుని, రెప్ప వేయకుండా చూసింది. బురదజీవి కొండ చాటుకు వెళ్లిపోయింది. మేమంతా టీవీ వదిలేసి ఆవిడ ముఖం చూస్తున్నాం. ఆవిడ మామయ్య వైపు తిరిగింది.

"ఈ వారం నీకు వేషం ఇవ్వలేదేంట్రా?"

పడకపోతే ఆవిడ పోల్చుకునేదెలా? ఇంతమందిమి ఉండి, ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మ ఏదో చెప్పబోతే మామయ్య ఆమె కాలు తొక్కాడు.

"లేదమ్మా. ఈ వారం సెలవు."

అమ్మమ్మ మామయ్య ఎడమ చెయ్యి పట్టుకుని నిమిరింది.

"పోనీలే నాన్నా. ఈ వారానికి బతికిపోయావు."

కంచం తెమ్మంది. మారు వడ్డించుకుని మరీ తింది.