గొడుగు కింద సగం కథ

మా వదిన ఏ కథా పూర్తిగా చెప్పదు. ఆ ఒక్క అవలక్షణం లేకపోతే మనిషి బంగారం.

"పక్కింటాయన తాళం పోగొట్టుకుని కిటికీలోంచి దూరబోయాడా, నడుం దగ్గర ఇరుక్కున్నాడా..." అని మొదలుపెడుతుంది. మేం తినడం మానేసి నోళ్లు తెరుస్తాం. సరిగ్గా అప్పుడే ఆమెకు పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. "మిగతాది తర్వాత!" మా మటుకు మాకు ఆ పెద్దమనిషి వారాల తరబడి కిటికీలోనే ఉన్నాడు.

పెళ్లైన కొత్తలో మా అన్నయ్య, "నన్నే ఎందుకు చేసుకున్నావు?" అని అడిగాడట. "దానికో కథ ఉంది" అందట. ఇంకా ఎదురుచూస్తున్నాడు పాపం.

వదినది మోటారు సైకిల్ పందేల్లో గొడుగు పట్టే ఉద్యోగం. పందెం మొదలయ్యేదాకా పోటీదారుకు నీడపట్టి, ఇంజిన్ ఆయిల్ కంపెనీ పేరున్న పొట్టి గౌనులో, కెమెరాల వైపు నవ్వుతూ నిలబడాలి. మాట్లాడకూడదు. మా వదినా, మాట్లాడకపోవడమా! పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూనే కింద బండి మీదున్నవాడికి కథ అందుకునేది. అది మంచి పట్టులో ఉండగా జెండా ఊగేది.

ఈలోగా ఆ ఉద్యోగం మీదే రగడ లేచింది. ఆడవాళ్లను అలంకారంగా నిలబెడతారా అని కొందరు, ఇష్టపడి చేసే పనిని తీసెయ్యడానికి మీరెవరని కొందరు. మా ఇంట్లోనూ అదే గొడవ.

"మానెయ్, వదినా. నువ్వు మనిషివి, బొమ్మవి కాదు" అన్నాను.

"గౌను సంగతి నిజమేనే. వెనకనుంచి ఫొటోలు తీసేవాళ్లను ఆ గొడుగుతోనే పొడవాలనిపిస్తుంది."

"మరి ఆ కంపెనీవాళ్లను వెనకేసుకొస్తావేం?"

"వెనకేసుకు రావట్లేదు. నీకేం కావాలని ఒక్కళ్లైనా అడిగారా అంటున్నాను." మొదటిసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

నిర్వాహకులు సభ పెడితే తనతో నేనూ వెళ్లాను. "వాళ్ల నవ్వే పందేనికి అందం" అన్నాడు కంపెనీ అధికారి. "వాళ్లకు విముక్తి కావాలి" అంది మహిళా సంఘం అధ్యక్షురాలు. ఎదురుగా కూర్చున్న వదిన వైపు ఇద్దరూ చూడలేదు.

వెనక వరసలోంచి చంకకర్రలతో ఒక పోటీదారు లేచాడు.

"బండెక్కాక మాకు చేతులు వణుకుతాయండీ. ఎవరికీ చెప్పుకోం. ఈ అక్క కనిపెట్టింది. కథ మొదలుపెట్టి, 'క్షేమంగా తిరిగిరా, మిగతాది చెప్తా' అంది. మలుపులో పిచ్చి దూకుడు చెయ్యబోయినప్పుడల్లా ఆ మిగతాది గుర్తొచ్చేది. గీత దాటి వచ్చిన ప్రతివాడికీ, ఓడినా సరే, చివరిదాకా చెప్పేది."

"మరి ఆ కాలు?" అన్నాడు అధికారి.

"ఇంట్లో మెట్లమీంచి పడ్డానండీ. అక్కడ అక్క లేదు కదా!"

సభంతా నవ్వింది. నేను మాత్రం వదిన జబ్బ గిల్లాను. వదిన కథలు పూర్తి చేస్తుందట!

అధ్యక్షురాలు కళ్లజోడు తీసి, మొదటిసారి ఆమె వైపు తిరిగింది. "నీకేం కావాలమ్మా?"

"ఒంటినిండా బట్టలు. బండ్లు బయలుదేరే ఆ గీత దగ్గరే పని. నాకొక్కదానికే కాదు."

పొట్టి గౌన్లు పోయాయి. వదినకూ మరి కొందరికీ శిరస్త్రాణాలు, వాటి పట్టీలు సరిచూసే పని నేర్పించి ఇచ్చారు. అందరికీ దొరకలేదు. ఆ సంగతి వదిన మర్చిపోలేదు, నిర్వాహకులను మర్చిపోనివ్వనూ లేదు. వాళ్లు ఇప్పుడు ఆమెను చూస్తే పక్క గదిలోకి తప్పుకుంటారు.

ఆ తర్వాత జరిగిన మొదటి పందేనికి కంచె పక్కనే నిలబడ్డాను. బూట్లు వేసుకుని వదిన ఒక కొత్త కుర్రాడి పట్టీ బిగిస్తోంది. గొడుగు పట్టింది బుర్ర మీసాల మెకానిక్. ఒక్క కెమెరా కూడా అటు తిరగలేదు.

"నేనూ నవ్వాలామ్మా?" అన్నాడాయన బెదురుగా.

"అక్కర్లేదు. అతని చేతులు చూడండి."

మెకానిక్ చూశాడు. గొడుగు కర్రను భుజానికి ఆనించి, ఆ వణికే చేతి మీద తన చెయ్యి వేశాడు. గొంతు సవరించుకుని, తన గురక భరించలేక భార్య పక్కింటికి పోయి పడుకున్న రోజు గురించి మొదలుపెట్టాడు.