పేరు మార్చిన, బస్ పాయింట్ మార్చలే

నెలకొక్కసారి సంగారెడ్డి లైబ్రరీల కథలు రాసెటోళ్లం ఐదారుగురం కూసుంటం. ఈ మధ్య కొత్తగ రాసే పిల్లలు గూడ వస్తున్నరు. వచ్చుడు వచ్చుడే ఒక్కటే అడుగుతరు, "కథ రాయాలంటే ఏం జెయ్యాలె సార్?" అని. నేనేమో పటాన్‌చెరు దిక్కు ఫార్మా కంపెనీల పొద్దటి షిఫ్ట్ జేసి, బస్‌ల ఊగుకుంట వచ్చినోణ్ని. గా సంగతి నాకే తెలిస్తే గిట్లెందుకుంట? అయినా చెప్తనే ఉంట. నోరు ఊకుండదు గద.

జేబుల పట్టే నోట్‌బుక్ ఒకటి పెట్టుకో అంట. మా కంపెనీ లోపటికి ఫోన్ తీస్కపోనియ్యరు, నేనైతే పాత గేట్ పాస్‌ల వెనుక రాసుకుంట. రాసినంక పైకి సదువుకో, ఎక్కడ దమ్ము ఆగిపోతదో ఆడ వాక్యం తెంపు. మొదటి పేజీ తీసేసి సూడు, చాన కథలకు ఏం గాదు. పత్రికకు పంపేముందు కాపీ ఒకటి దగ్గర పెట్టుకో, వాళ్లు జవాబియ్యరు. పిల్లలు తలకాయలు వంచి రాసుకుంటరు, నేను ఆవలిస్త.

మొన్న ఒక పిల్ల అడిగింది. "సార్, మనకు తెలిసినోళ్ల గురించి రాయొచ్చునా? పేరు మారిస్తే సరిపోతదా?"

ఉన్న నిద్రమబ్బంతా ఎగిరిపోయింది. ఆ ముచ్చట అప్పటిదాంక నేనెవ్వరికీ చెప్పలే. ఆ పిల్లకు చెప్పిన.

కంపెనీ బస్‌ల నా పక్క సీటు ఒక అన్నది. గోదాంల ఫోర్క్‌లిఫ్ట్ నడిపేటోడు, పదిహేనేండ్ల సంది గదే పని. నోట్లె నాలుక లేని మనిషి. అసొంటాయన ఒకనాడు నా చెవుల చెప్పిండు, షుగర్‌తోని ఎడమ కన్ను మసకైందని. ఏటా కంపెనీల మెడికల్ చెకప్ అయితది. కంటి పరీక్ష లైన్ల కావాలని ఎనుకకు నిలవడి, ముందటోళ్లు చదివే అక్షరాలు ఇనుకుంట ఇనుకుంట బట్టీ వట్టిండట. "బడిల గూడ ఇంగ్లీషు గింత మంచిగ రాలె తమ్మీ" అని నవ్విండు. కన్ను సంగతి తెలిస్తే బండి మీదికెల్లి దించుతరు. దించితే ఆయనకు ఇంకో పని రాదు, ఈ వయసుల ఎవలూ తీస్కోరు. గదే ఆయన భయం.

ఆ నవ్వును నేను ఇడువలేకపోయిన. దిగంగనే గేట్ పాస్ వెనుక రాసుకున్న. నెల దినాలల్ల కథయింది.

పేరు మార్చిన. సొంతూరు మార్చిన. లేని మీసం పెట్టిన. ఆడబిడ్డను కొడుకును జేసిన. నా అంత తెలివిగల్లోడు లేడనుకున్న. గని మా కంపెనీల పేర్లు ఎవలకు గావాలె? మనిషి ఏ పాయింట్‌ల బస్ ఎక్కుతడో గదే వాని పేరు. ఇస్నాపూర్ అన్న, కంది అన్న. నేను పోతిరెడ్డిపల్లి తమ్మిని. ఆయన రుద్రారం అన్న. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేటోళ్లు నలుగురున్నరు, రుద్రారంల ఎక్కేది ఆయనొక్కడే. నా కథ మొదటి వాక్యమే, 'రుద్రారంల బస్ ఎక్కిండు' అని. ఎవలికీ తెల్వని పేరు మార్చి, అందరికీ తెలిసింది అట్లనే ఉంచిన. థూ నా తెలివి పాడుగాను!

ఆదివారం పేపర్ల కథ వచ్చింది. సోమవారం హెచ్చార్ సార్ మురిసిపోయి దాన్ని నోటీస్ బోర్డుకు అంటించిండు, మనోడు రచయిత అని. క్యాంటీన్‌ల భుజాలు తట్టిండ్రు, నేను గూడ ఉబ్బిన. అన్నం తినుడు అయ్యేసరికి "గిది మన రుద్రారం అన్న ముచ్చటేనా?" అని ఒకడు అడగనే అడిగిండు. ఉరికిపోయి బోర్డు మీది పేపర్ పీకిన. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? బుధవారం అన్నను డాక్టర్ కాడికి పిలిచిండ్రు. ఈసారి లైన్ లేదు, ముందట నిలవడి చదివెటోళ్లు లేరు.

బండి తాళం తీస్కొని ఇంటికి పంపిండ్రు. సేఫ్టీ సార్ నాతోని అన్నడు, "మంచి పని జేసినవ్, రేపు ఎవల్నన్న గుద్దుతుండె." ఆయనన్నది అబద్ధం గాదు. నేను గూడ రెండు మూడు దినాలు గా మాటనే పట్టుకొని తిరిగిన. గని ఆపాలని రాసిననా నేను? కథ మంచిగ వస్తదని రాసిన.

వారం ఆగి రుద్రారంల దిగి వాళ్లింటికి పోయిన. తిడ్తడనుకున్న, తిడితేనే మంచిగుంటది అనుకున్న. వదిన చాయ్ ఇచ్చింది గని నా మొఖం దిక్కు సూడలే. అన్న మడత పెట్టిన పేపర్ తెచ్చి నా చేతిల పెట్టిండు.

"అక్షరాలు చాన చిన్నగున్నయ్ తమ్మీ. నువ్వే సదువు."

సదివిన. మొత్తం సదివిన. బట్టీ వట్టే కాడ ఆయన ఒక్కసారి నవ్విండు. అయిపోయినంక పేపర్ తీస్కొని మళ్ల మడత పెట్టిండు.

"మంచిగనే రాసినవ్" అన్నడు. "గని నన్నొక్క మాట అడగకపోతివి. అడిగితే వద్దంటుంటి."

ఇదంతా ఇని లైబ్రరీల పిల్లలు పెన్నులు ఆపిండ్రు. ఆ పిల్లనే మళ్ల అడిగింది, "మరి ఎందుకు అడగలే సార్?"

మర్చిపోయిన అనొచ్చు. కథ తొందరల యాదికి రాలేదనొచ్చు. ఇన్నొద్దులు నాకు నేను గట్లనే చెప్పుకున్న. అలిసిపోయిన, అబద్ధం చెప్పే ఓపిక గూడ లేదు.

"వద్దంటడని తెలుసు బిడ్డా" అన్న. "అందుకే అడగలే."