పక్క కుర్చీ మీద పరిశోధన

పీహెచ్‌డీలో చేరేనాటికే ఆమె చాలా ఏళ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పింది. జుట్టు అక్కడక్కడా నెరిసింది కూడా. అందుకే డిపార్ట్‌మెంటులో తోటి స్కాలర్లంతా ఆమెను పెద్దక్క అన్నారు. ఆమెకంటే వయసులో పెద్దవాడైన గుమాస్తా కూడా అలాగే పిలిచేవాడు.

ఆమె పరిశోధన కుర్చీల మీద. భర్తకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. గల్లా దగ్గర కూర్చున్నప్పుడు ఆమె ఒకటి గమనించింది. గోడవారగా వేసిన కుర్చీల్లో మొదట వచ్చినవాడు ఒక చివర కూర్చుంటాడు, తర్వాతివాడు రెండో చివర, ఆ తర్వాతివాడు సరిగ్గా మధ్యలో. ఇంకొకడు వచ్చాడంటే మాత్రం ఖాళీలున్నా కూర్చోడు. గోడకున్న ఫ్రేముల వైపు తిరిగి, కొనేవాడిలా పరిశీలించడం మొదలుపెడతాడు. ఇదేమిటో తేల్చుకుందామని ఆమె ఆస్పత్రులూ బ్యాంకులూ తిరిగింది. ఏ జబ్బూ లేకుండా గంటల తరబడి కూర్చున్న ఆమెను చూసి ఒక నర్సు జాలిపడి బీపీ కూడా చూసింది.

అలా పోగుచేసినదంతా కలిపి ‘నిరీక్షణా ప్రాంగణాలలో ఆసన ఎంపిక సరళి: ఒక సైద్ధాంతిక పరిశీలన’ అని వ్యాసం రాసి గైడ్ గారికి ఇచ్చింది. ఆయన చూస్తానన్నారు. ఆయన చూస్తానన్నారంటే రిటైరయ్యేలోపు ఎప్పుడో ఒకప్పుడు చూస్తారని అర్థం. ఎట్టకేలకు ఒకరోజు మొదటి పేజీ చదివి పెదవి విరిచారు.

“చప్పగా ఉందమ్మా. పంపుకుంటే పంపుకో. నా పేరు మాత్రం తీసెయ్. బయట నాకంటూ ఓ పరువుంది.”

తన గదిలో పుట్టిన ప్రతి కాగితం మీదా తన పేరే ముందుండాలనే మనిషి ఆయన. అలాంటాయన తన పేరు వద్దన్నారంటే ఆ వ్యాసం ఏ స్థితిలో ఉందో ఆమెకు అర్థమైంది. ఆదివారం భోజనాలయ్యాక భర్తను కూర్చోబెట్టి చదివి వినిపించింది. మూడో వాక్యానికి గురక వినబడింది.

“ఏవండీ, నిద్రపోయారా?”

“లేదు లేదు, వింటున్నా. యోగాసనాల గురించే కదా?”

ముందు భర్త మీద మండిపడింది. సాయంత్రానికి కోపం వ్యాసం మీదికి మళ్లింది. ‘ఆసన’ ఉన్న ప్రతిచోటా కొట్టేసి ‘కుర్చీ’ అని రాసింది. అది మార్చేసరికి పక్కనున్న మాటలు ఎబ్బెట్టుగా కనిపించాయి. వాటినీ మార్చింది. చివరికి మొదటి వ్యాసంలోంచి అంకెలు తప్ప ఏమీ మిగల్లేదు. కొత్త వ్యాసం ‘ఖాళీ కుర్చీ కళ్ళెదుటే ఉండగా మనిషి ఎందుకు నిలబడతాడు?’ అని మొదలైంది. ఈసారి భర్త చివరిదాకా మెలకువగా విని, మన షాపు పేరు ఎక్కడా వెయ్యలేదేమని అలిగాడు. గైడ్ గారి పేరు తీసేసి ఆమె దాన్ని ఒక పరిశోధన పత్రికకు పంపింది.

పత్రికలవాళ్లు రాసినవాళ్ల పేరు దాచి, వ్యాసాన్ని ఆ రంగంలోని పెద్దలకు పంపి, వేయొచ్చా లేదా అని అడుగుతారు. కొన్ని నెలలు గడిచాయి. ఒక ఉదయం గైడ్ గారు ఆమెను గదిలోకి పిలిచారు.

“కూర్చోమ్మా. నీ టాపిక్ ఎవరో ఎగరేసుకుపోయారు.”

ఇన్నేళ్ల తిరుగుడూ బూడిదలో పోసినట్టయింది. ఆయన సొరుగులోంచి కాగితాలు తీశారు. పత్రికవాళ్లు అభిప్రాయం అడిగారనీ, బయటపెట్టకూడదు గానీ ఆమె మేలు కోరి చూపిస్తున్నాననీ, రాస్తే ఇలా రాయాలనీ చెప్పి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. “ఖాళీ కుర్చీ కళ్ళెదుటే ఉండగా...”

ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. దగ్గినట్టు నటించింది. నోరు మూసుకుంటే ఆయన సిఫారసుతో వ్యాసం అచ్చవుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. వెంటనే చెప్పకపోవడానికి అసలు కారణం వేరే. తన రాతను ఇంత ఇష్టంగా ఎవరూ చదవగా ఆమె ఎప్పుడూ వినలేదు. రెండు పేజీలు విన్నాక మనసొప్పలేదు.

“సార్, అది నేను రాసిందే. మీ పేరు తీసెయ్యమన్నారు కదా, తీసేసి పంపాను.”

ఆయన పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పారు.

“చూశావా, ఆ రోజు నేను గట్టిగా అనబట్టే ఇంత బాగా వచ్చింది.” తర్వాత గొంతు తగ్గించారు. “ఇప్పుడు ఇంకో పేరు చేర్చడానికి వీలవుతుందంటావా?”

“వీలవదు సార్. అసలు సొంత స్టూడెంటు వ్యాసానికి మీరు అభిప్రాయం చెప్పనే కూడదు.”

ఆయన ముఖం గంటుపెట్టుకునే పత్రికకు ఉత్తరం రాసి తప్పుకున్నారు. వ్యాసం మరో పెద్దమనిషి చేతిలో పడింది. ఆయన దాదాపు ఏడాది దానిమీద కూర్చుని, విషయం బాగుంది గానీ భాష మరీ అర్థమయ్యేలా ఉందని ఆక్షేపించాడు. పైగా ఫలానా వ్యాసాలు ఉదహరించాలన్నాడు. అన్నీ ఒకే మనిషి రాసినవి కావడంతో పేరు దాచినా ఆ పెద్దమనిషి ఎవరో తెలిసిపోయింది. నిజాయితీగా నోరు విప్పినందుకు పెద్దక్క తనను తానే తిట్టుకుంది. పనికొచ్చే వ్యాసం ఒక్కటి ఉదహరించి, మిగతావి ఎందుకు అక్కర్లేదో మర్యాదగా రాసింది. భాష మాత్రం ముట్టుకోలేదు. ఎడిటర్ ఒప్పుకున్నాడు.

వ్యాసం అచ్చయ్యాక ఒక ఆస్పత్రివాళ్లు ఆమెను పిలిచి, కుర్చీలు ఎలా వెయ్యమంటారని అడిగారు. ఆమె వరసలు తీయించి గుండ్రంగా వేయించింది. మర్నాడు వెళ్లి చూస్తే రోగులు వాటిని మళ్లీ గోడవారకు జరుపుకుని, మధ్యలో ఒక్కో కుర్చీ వదిలి, హాయిగా కూర్చుని ఉన్నారు. రెండో వ్యాసం దానిమీదే రాస్తోంది.