దేవుని గూట్లో నోటీసు

బోధన్ బజారులో బెల్లం దుకాణాల వరుస చివర తెలుగు పఠనాలయం నడిపే లక్ష్మీరాజం మెతక మనిషి. ఒక్క విషయంలో తప్ప. పుస్తకం మీద పసుపు కనిపించిందా, ఇక ఆయనకు ఒళ్ళు మండిపోయేది. వృత్తికి దర్జీ. ఆ గది మూలనే కుట్టుమిషన్ వేసుకొని, బట్టలు కుడుతూనే పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేవాడు. సర్కారు భాష ఉర్దూ అయిన రోజులవి కాబట్టి, చదివింది ఉర్దూ బడిలో. తెలుగు మాత్రం తండ్రి ఇసుకలో దిద్దించాడు. పఠనాలయం పనికి జీతం లేదు, బత్తెం లేదు. అయినా పొద్దున ఎనిమిదింటికి తలుపు తెరవని రోజంటూ లేదు.

ఆ గదికి సర్కారు అనుమతి తేవడానికి రెండేళ్ళు తిరిగాడు పాపం. పఠనాలయం పేరున పుస్తకాలూ పత్రికలూ చదవడం తప్ప మరో పని పెట్టుకోకూడదని అనుమతి కాగితంలో షరతు రాశారు. అది తప్పితే గది మూయించేస్తారని ఆయన భయం.

ఇక పసుపు సంగతి. అక్షరం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే జనం కదా, పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్ళి, దేవుని గూట్లో పెట్టి, అట్టకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పేజీ తిప్పకుండానే తెచ్చి ఇచ్చేవారు. ఇంత భక్తి చదువు మీద ఉంటే ఎంత బాగుండును!

సోమవారం సంత జరిగే అంగడి నాడు నాగవ్వ వచ్చింది. రెండు కోసుల నడక దూరాన ఆమె పల్లె. భర్త పోయి పదేళ్ళయినా రెండెకరాల చెరకు చేను ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. అక్షరమ్ముక్క రాదు. అయినా నెల కిందట పట్టుబట్టి, పేరు రాయించుకొని మరీ ఒక కథల పుస్తకం పట్టుకెళ్ళింది. ఇప్పుడు దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది. అట్ట నిండా పసుపే.

"అవ్వా! పుస్తకం చదువనీకి ఇస్తమా, పూజ చేయనీకి ఇస్తమా?"

"సదువుల తల్లి ఇంట్ల ఉంటె మంచిది గద బిడ్డా. ఎందుకు గంత గరమైతవ్?"

గొణుక్కుంటూ ఆయన పుస్తకాన్ని దులిపాడు. లోపలినుంచి ఎర్ర ముద్ర ఉన్న కాగితం జారి పడింది. దానికీ పసుపు, దానికీ బొట్టు.

"గిదేంది?"

"గదా? మా బావ పోశన్న, నా పెనిమిటి అన్న, ఇచ్చిండు. సర్కారు ముద్ర కాయిదం, దేవుని కాడ పెట్టుకో, ఇంటికి బర్కత్, కలిసొస్తది అన్నడు. పుస్తకంల పెట్టి పూజ చేస్తి."

ఉర్దూలో ఉన్న ఆ నాలుగు వరుసలూ లక్ష్మీరాజం గబగబా చదివాడు. అది నోటీసు. చేను తనదేనని పోశన్న తహసీలు కచేరీలో అర్జీ పెట్టుకున్నాడు. రేపు మంగళవారం విచారణ. నాగవ్వ హాజరు కాకపోతే చేను పోశన్న పేర రాసేస్తారు. అదే ఆమెకు చదివి చెప్పాడు.

నాగవ్వ ఉన్నచోటనే కూలబడింది. "నా చేను పోయే కాయిదానికి నా చేతులతోనే పసుపు పెట్టుకుంటినా బిడ్డా!"

ఆ మాటకు ఆయన కోపం ఎటు పోయిందో! "ఏడువకు అవ్వా. గూట్ల ఎన్ని కాయిదాలుంటె అన్ని మూట కట్టుకొని రేపు పొద్దుగాల రా" అన్నాడు.

మరునాడు ఆమె మూట తెచ్చింది. ఆయన ఎనిమిదింటికి తెరిచిన తలుపును మొదటిసారిగా పదింటికే మూసి, ఆమె వెంట తహసీలు కచేరీకి నడిచాడు. దారి పొడుగునా ఆ షరతే గుర్తొస్తూ ఉంది.

"నువ్వు వకీలువా?" అని తహసీల్దారు ఉర్దూలో గద్దించాడు.

"కాదు సాబ్, పఠనాలయంలో పుస్తకాలు ఇచ్చేవాణ్ణి. ఈ అవ్వ మా దగ్గర పేరు రాయించుకున్న మనిషి. ఆమె కాగితం ఆమెకు చదివి చెప్పడం కూడా చదువే కదా సాబ్?" అని ఆయనా ఉర్దూలోనే బదులిచ్చాడు. అంత మాట ఎలా అన్నానా అని తనకే ఆశ్చర్యం వేసింది.

తహసీల్దారు ఆయన్ని ఎగాదిగా చూసి, కానీయమన్నాడు. లక్ష్మీరాజం మూట విప్పాడు. గూట్లో దేవుని పటాల వెనక ఆమె కుక్కి ఉంచిన కాగితాల్లో అడుగున ఒకటి పసుపుతో అట్టలా బిగిసిపోయి ఉంది. రుమాలుతో మెల్లగా తుడిస్తే ముద్ర బయటపడింది. భర్త పోయాక చేను నాగవ్వ పేరు మీదికి మార్చిన సర్కారు హుకుం అది. పదేళ్ళ నుంచి పండగ పండగకూ పసుపు పూసిందే గానీ, అదేమిటో ఆమెకు తెలియదు. కచేరీలో ఉన్న దాని నకలును చెదలు తినేశాయని తెలిసే పోశన్న ఇంత ధైర్యం చేశాడు. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ వాడి ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

తహసీల్దారు అర్జీ కొట్టేశాడు. చేను నాగవ్వకే దక్కింది.

మెట్లు దిగుతూ ఆమె దండం పెట్టబోతే లక్ష్మీరాజం ఆపాడు. "నాకెందుకవ్వా దండం? చెదలు పట్టకుండ ఆ పసుపే కాపాడె." ఆమె మాత్రం ఒప్పుకోలేదు.

"పసుపు దాసింది, నువ్వు సదివినవ్. నాక్కూడ నాలుగచ్చరాలు సెప్పు" అంది.

అప్పటినుంచి ప్రతి అంగడి నాడూ కూరల గంప గుమ్మంలో దించి, మిషన్ పక్కన కూర్చొని పలక మీద దిద్దేది. తెలుగు వస్తే చాలు, ఉర్దూకు నువ్వున్నావుగా అనేది. ఏడాది తిరిగాక మళ్ళీ అదే కథల పుస్తకం పట్టుకెళ్ళింది. పై వారం తెచ్చి ఇచ్చింది. అట్ట నిండా ఎప్పటిలాగే పసుపు.

తిట్టబోయి, లక్ష్మీరాజం అలవాటుగా పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ అంచున పసుపు వేలిముద్ర. తిప్పాడు. రెండో పేజీలోనూ ఉంది. అలా పదకొండు పేజీల దాకా ఉన్నాయి.

"ఆడిదాకనే అయింది బిడ్డా. మల్ల ఇయ్యి" అంది నాగవ్వ.

ఆయన ఆ పసుపును తుడవకుండానే పుస్తకం ఆమె చేతికిచ్చాడు.